మూడొందల మందికి ఒక ఒపెరా

ఒపెరా అనగానే అంతస్తుల మీద అంతస్తుల బాల్కనీలు, వేదిక ముందు పెద్ద వాద్యబృందం కళ్లముందు మెదులుతాయి. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని ఆల్డ్‌బరోలో ఉన్న జూబిలీ హాల్లో ఆ హంగులేవీ లేవు. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండిన 1887 నాటి కట్టడం అది. పట్టేది సుమారు 300 మంది. నాకు మాత్రం ఒపెరా మీద ప్రేమ పుట్టించినవి ఇలాంటి చోటుకు ఒదిగే రచనలే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద బృందాలతో ఊరూరా తిరగడం తలకు మించిన ఖర్చు. అందుకే స్వరకర్త బెంజమిన్ బ్రిట్టెన్ 1946లో ‘ది రేప్ ఆఫ్ లుక్రీషియా’ను ఎనిమిది మంది గాయకులకు, పదమూడు మంది వాద్యకారులకు రాశాడు. మరుసటి ఏడు ‘ఆల్బర్ట్ హెర్రింగ్’ వచ్చింది. 1948లో ఆల్డ్‌బరో సంగీతోత్సవం మొదలైనప్పుడు దాన్ని జూబిలీ హాల్లో ఆడారు. అంత తక్కువమంది వాయిస్తుంటే ఎవరూ ఎవరి చాటునా దాక్కోలేరు. గాయకులకూ అంతే, గొంతు చించుకునే పని తప్పుతుంది గానీ ప్రతి పలుకూ తేటగా పలకాలి. పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. రాగం మాటను మింగేస్తే కథ ఎలా జారిపోతుందో నాకు తెలుసు.

1949లో అదే హాల్లో పుట్టిన ‘ది లిటిల్ స్వీప్’ నాకు మరీ ఇష్టం. ఒక ఇంట్లో పొగగొట్టం తుడవబోయి అందులో ఇరుక్కున్న ఎనిమిదేళ్ల శామ్‌ను ఆ ఇంటి పిల్లలు బయటికి లాగి, స్నానం చేయించి, బొమ్మల అలమరాలో దాచిపెడతారు. వాద్యాలంటారా, నాలుగు తీగవాద్యాలు, ఒక పియానో మీద ఇద్దరు, కొంత తాళవాద్యం. మిగతా సంగీతం కుర్చీల్లోంచి రావాలి! నాలుగు పాటలు ప్రేక్షకులవే. కండక్టర్ ముందుగానే వాళ్ల చేత సాధన చేయిస్తాడు. రాత్రి పాటలో హాలంతా నాలుగు జట్లవుతుంది: గుడ్లగూబలు, కొంగలు, గువ్వలు, చాఫించ్ పిట్టలు. ఒక్కో జట్టు తన పక్షి కూత అందుకుంటుంది. పక్క జట్టు కూత చెవిన పడితేనే పాట సాగుతుంది.

1960లో బ్రిట్టెన్ ఒపెరా ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ కోసం ఆ హాల్లో వేదికనూ వాద్యకారుల గుంటనూ పెంచారు. 1967లో దగ్గర్లోని స్నేప్‌లో ఎనిమిది వందల పైచిలుకు కుర్చీల హాలు తెరిచారు. సింఫనీలకు అది కావలసిందే. ‘లిటిల్ స్వీప్’ వేయాలనుకునేవాళ్లు మాత్రం చిన్న హాలు వెతుక్కోవాలి. చివరి వరుస పిల్ల కొంగలా అరిస్తే వేదిక మీది శామ్‌కు వినపడాలి.