కొలువున్న ఊళ్లోనే కాపురం

ఆస్ట్రేలియా వెళ్లే ఆలోచనలో ఉన్న తెలుగు ఇళ్లలో కొన్నేళ్లుగా ‘రీజినల్’ అన్న మాట తరచు వినబడుతోంది. అక్కడి ప్రభుత్వం 2019 నవంబరులో 491 నంబరు వీసా తెచ్చింది. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు తప్ప మిగతా దేశంలో ఎక్కడైనా కాపురముండి పనిచేసేందుకు ఒక రాష్ట్రం మన పేరు సిఫారసు చేస్తే, పాయింట్ల లెక్కలో ఒకేసారి 15 కలుస్తాయి. దరఖాస్తుకు కావలసిన కనీస పాయింట్లే 65 కనుక 15 అంటే చిన్న విషయం కాదు. వీసా గడువు ఐదేళ్లు. అందులో మూడేళ్లు అలాంటి ప్రాంతంలో ఉండి, సంపాదించి, పన్ను లెక్కలు చూపిస్తే శాశ్వత నివాసానికి అడగవచ్చు. పెర్త్, అడిలైడ్ కూడా ఈ లెక్కలో రీజినల్ కిందికే వస్తాయి కాబట్టి చాలామంది చూపు అటే. అయితే నర్సుగానో, డాక్టరుగానో, మాంసం ఫ్యాక్టరీలో ఉద్యోగిగానో, కౌన్సిల్లో ఇంజనీరుగానో కొలువు దొరికి, రెండు మూడు వేల జనాభా ఉన్న ఊరికి చేరేవాళ్లూ ఉన్నారు. అలా బయలుదేరేటప్పుడు మనసులో మెదిలే మొదటి ప్రశ్న సాధారణంగా ఒకటే: ఈ మూడేళ్లు ఎలా గడుస్తాయి? ఆ ప్రశ్నతో పెట్టె సర్దుకోవడమే తప్పని నా వాదన. చిన్న ఊళ్లో బతకడం నేర్చుకోవలసిన విద్య. ఉద్యోగానికి తోడు ఆ ఊరి పనిలో ఒక చెయ్యి వేయడంతోనే ఆ విద్య పట్టుబడుతుంది. రైలు కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నట్టు రోజులు లెక్కపెట్టే మనిషికి ఊరూ దక్కదు, ఆ మూడేళ్లూ దక్కవు.

ఇలాంటి కొలువుల సంగతి మనకు బాగా తెలుసు. బడి ఊళ్లో, పంతులుగారి కాపురం పట్నంలో. దీనికి మనం పెట్టుకున్న పేరు ‘అప్ అండ్ డౌన్’. పిల్లల చదువు, భార్య ఉద్యోగం, అద్దె ఇల్లు దొరక్కపోవడం వంటి కారణాలన్నీ న్యాయమైనవే. వాటిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సెక్కే ఉద్యోగం వల్ల ఊరు ఏం పోగొట్టుకుంటుందో పల్లెల్లో పెరిగినవాళ్లందరికీ ఎరుకే. పిల్లవాడు బడి ఎందుకు మానేశాడో పంతులుగారికి తెలిసేది సాయంత్రం వాళ్ల నాన్న ఎదురైనప్పుడు. రాత్రి పూట పురిటి నొప్పులు మొదలైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉన్నారా లేరా అన్నది ప్రాణం మీది మాట. ఉద్యోగి వైపు నష్టం గురించి మాత్రం మనం మాట్లాడుకోం. ఇరవై ఏళ్లు ఒకే మండలంలో పనిచేసి, రిటైరయ్యాక అక్కడ పలకరించే మనిషి లేకపోవడం కూడా పోగొట్టుకోవడమే.

ఆస్ట్రేలియాలోనూ ఇదే చిక్కు ఉంది, దూరాలు మాత్రం వేరు. గనుల్లో పనిచేసేవాళ్లు విమానంలో వచ్చి, రోజుల తరబడి వరస డ్యూటీలు చేసి, మళ్లీ విమానమెక్కి నగరంలోని ఇంటికి పోతారు. పల్లె ఆసుపత్రులు కొద్ది రోజుల ఒప్పందం మీద వచ్చే తాత్కాలిక (‘లోకమ్’) డాక్టర్లతో రోజులు నెట్టుకొస్తాయి. క్వీన్స్‌లాండ్ వాయవ్యాన జూలియా క్రీక్ అనే ఊరు ఒక డాక్టరు కోసం ఏడాదికి 5 లక్షల డాలర్లకు పైగా జీతమిస్తామని, ఇల్లు ఉచితమని ప్రకటించి దేశమంతా వార్తల్లోకెక్కింది. ఊరి జనాభా కొన్ని వందలు, బ్రిస్బేన్ నుంచి కారులో 17 గంటల దారి. దానికి పడమటనున్న క్లాన్‌కరీ నుంచే 1928లో ఫ్లయింగ్ డాక్టర్ సేవ మొదలైంది. దాదాపు వందేళ్ల నుంచీ ఆ నేలకు వైద్యుడు ఆకాశంలోంచి దిగిరావలసిందే. విదేశాల్లో చదివి వెళ్లిన డాక్టర్లు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ చెల్లింపులు అందుకోవాలంటే సాధారణంగా పదేళ్ల పాటు వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేయాలన్న నిబంధన 1990ల నుంచీ ఉంది. మన మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు ఎందరినో అక్కడి పల్లెలకు తీసుకెళ్లిన దారి అదే. నిబంధన మనిషిని ఊరిదాకా తేగలదు, ఊళ్లో నిలపలేదు. గడువు తీరగానే నగరానికి వెళ్లిపోయే డాక్టరు స్థానంలో గడువు మొదలయ్యే మరో డాక్టరు వస్తే, రోగి తన కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

మరి మనిషిని నిలిపేది ఏమిటి? దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం విక్టోరియా రాష్ట్రంలోని నిల్ అనే ఊరు. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ పోయే హైవే మీద దాదాపు సగం దారిలో, గోధుమ పొలాల మధ్య ఉంటుంది. జనాభా రెండు వేల చిల్లర. యువతరం నగరాలకు పోతూ ఊరు ఖాళీ అవుతుంటే, అక్కడి బాతుమాంసం కంపెనీ లవ్-ఎ-డక్‌కు పనివాళ్లు దొరకడం కష్టమైంది. 2010 ప్రాంతంలో మెల్‌బోర్న్‌లో ఉన్న కరెన్ శరణార్థులను పనికి పిలిచారు. బర్మాలో యుద్ధం తరిమేస్తే థాయ్‌లాండ్ శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చిన పల్లెజనం వాళ్లు. పిలిచి ఊరుకోలేదు. ఎవరు వస్తున్నారో, ఎందుకు వస్తున్నారో ముందుగా ఊరివాళ్లకు చెప్పారు. రాదలచుకున్న కుటుంబాలను ముందే తీసుకొచ్చి ఊరు చూపించారు. ఇళ్లు వెతికిపెట్టారు. అయిదేళ్లు తిరిగేసరికి ఊళ్లో పదిమందిలో ఒకరు కరెన్ మనిషి. ఏమెస్ అనే వలసదారుల సేవా సంస్థ, డెలాయిట్ కలిసి 2015లో వెలువరించిన అధ్యయనం, ఆ వలస వల్ల ప్రాంత ఆర్థిక వ్యవస్థకు కలిగిన లాభాన్ని 4 కోట్ల 15 లక్షల డాలర్ల దాకా లెక్కగట్టింది. నన్ను కట్టిపడేసేది ఈ అంకె కాదు. కరెన్ స్త్రీలు తమ నేత, కుట్టుపనితో ఊరి వీధిలోనే ‘పా పో’ అనే దుకాణం నడుపుతున్నారు. అంటే ఫ్యాక్టరీలో కూలి మాత్రమే కాదు, ఊరి అంగళ్ల మధ్య తమదీ ఒక అంగడి. ఈ పని జరగడానికి కొత్తవాళ్లెంత కారణమో ఊరూ అంతే కారణం. ఊరు ముందుగా సిద్ధపడింది, వచ్చినవాళ్లు గుమ్మం దాటి బయటికి వచ్చారు.

రెండో సాక్ష్యం క్వీన్స్‌లాండ్‌లోని బిలోయీలా. గొడ్డుమాంసం ఫ్యాక్టరీ, బొగ్గు, పశువుల పెంపకం మీద బతికే ఆరు వేల లోపు జనాభా. ఓట్ల లెక్కలో సంప్రదాయవాదుల కంచుకోట. అక్కడ కాపురమున్న ఒక శ్రీలంక తమిళ కుటుంబాన్ని 2018 మార్చిలో తెల్లవారుజామున సరిహద్దు అధికారులు వచ్చి పట్టుకుపోయారు. తండ్రి మాంసం ఫ్యాక్టరీలో పనివాడు. తల్లి స్థానిక ఆసుపత్రిలోని సిబ్బందికి కూర వండి పట్టుకెళ్లే మనిషి. ఇద్దరు ఆడపిల్లలూ ఆ దేశంలోనే పుట్టారు. వాళ్లను తిరిగి తెచ్చుకోవడానికి ఊరివాళ్లు ‘హోమ్ టు బిలో’ అని ఉద్యమం నడిపారు. లక్షల సంతకాలు సేకరించారు. కుటుంబాన్ని క్రిస్మస్ దీవిలో బంధించినా పట్టు విడవలేదు. నాలుగేళ్ల తర్వాత, ప్రభుత్వం మారాక, 2022 జూన్‌లో ఆ కుటుంబం బిలోయీలాకు తిరిగొచ్చింది. ఆగస్టులో శాశ్వత వీసాలు వచ్చాయి. ఆ నాలుగేళ్లూ ఊరు వాళ్ల వెంట ఎందుకు నిలబడింది? వాళ్లేమీ ఘనకార్యాలు చేయలేదు. ఇరుగుపొరుగుతో మాట కలిపారు, వండింది పంచారు, అంతే. చిన్న ఊళ్లో ముఖపరిచయానికి ఉన్న బలం నగరంలో ఉన్నవాళ్లకు సులభంగా అర్థం కాదు.

ఊరి పనిలో చెయ్యి వేయడమంటే ఏమిటో ఇక్కడ విడమర్చాలి. నగరంలో జీతగాళ్లు చేసే పనులు ఎన్నో అక్కడి చిన్న ఊళ్లలో ఊరివాళ్లే జీతం లేకుండా చేస్తారు. వేసవిలో కార్చిచ్చు లేచినప్పుడు పల్లెల్లో మంటలార్పే దళాల్లో అత్యధికులు వలంటీర్లు. వరదలొస్తే, తుఫానుకు చెట్టు కూలితే వచ్చే రాష్ట్ర అత్యవసర సేవ (ఎస్.ఇ.ఎస్.) మనుషులూ వలంటీర్లే. ముసలివాళ్ల ఇళ్లకు భోజనం చేర్చే మీల్స్ ఆన్ వీల్స్, ఏటా జరిగే వ్యవసాయ ప్రదర్శన, శనివారం ఫుట్‌బాల్, నెట్‌బాల్ పోటీలు, పాత బట్టల దుకాణం, 1922 నుంచి ఉన్న గ్రామీణ మహిళల సంఘం శాఖలు అన్నీ నడిచేది అలాగే. ఊళ్లో ఇరవై ముప్పై మంది అలసిపోతే ఇవన్నీ ఆగిపోతాయి. కనుక కొత్తగా వచ్చిన నర్సు వారానికి ఒక సాయంత్రం ఇందులో ఏదో ఒకదానికి ఇస్తే దాన్ని సరదా కాలక్షేపమని ఎవరూ అనుకోరు. అది లోటు పూడ్చడం. వేసవిలో క్రికెట్ జట్టుకు పదకొండో మనిషి దొరకని ఊళ్లుంటాయి. మనవాళ్లకు అంతకన్నా దగ్గరి దారి ఏముంటుంది? ఇది వీసా దరఖాస్తులో రాసుకోవడానికి పనికొచ్చే విషయం కాదు. పనికొస్తుందని చేస్తే మూడో నెలలోనే విసుగొస్తుంది.

దీనిమీద ఒక బలమైన అభ్యంతరం ఉంది. పన్ను కడుతున్నాం, కష్టపడుతున్నాం, ఊరివాళ్ల మెప్పు కూడా సంపాదించుకోవాలా? స్థానికుడు ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే అది అతని ఇష్టం, వలసదారుడు అదే పని చేస్తే ‘కలవడు’ అన్న నింద ఎందుకు? ఈ మాటలో నిజముంది. బిలోయీలా కథలో నన్ను కలవరపెట్టేదీ ఇదే. నలుగురూ మెచ్చే కుటుంబం కాబట్టి ఊరు కదిలింది. బిడియస్థులైతే, కూర వండని మనుషులైతే వాళ్లకు అదే హక్కు లేదా? ఉంది. హక్కు మంచితనానికి బహుమతి కాకూడదు. యజమాని వీసాకు హామీదారుగా ఉన్న 494 వంటి ఏర్పాట్లలో మెతకదనం ప్రమాదం కూడా. జీతం ఎగ్గొట్టే యజమాని ముందు ‘ఊరంతా ఒక కుటుంబం’ అని నోరు మూసుకోకూడదు. వీసా ఏదైనా, ఉద్యోగుల హక్కులు చూసే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. 2024 జూలై నుంచి, హామీదారుతో పని మానేసినవాళ్లకు మరొకరిని వెతుక్కోవడానికి 180 రోజుల వ్యవధి ఉంది. 491 మీద వెళ్లినవాళ్లు ఒక ఊరు పడకపోతే మరో రీజినల్ ఊరికి మారవచ్చు. ఇవన్నీ తెలిసుండాలి. నేను చెప్పేది ఊరి రుణం తీర్చమని కాదు. తలుపేసుకునే హక్కు వాడుకుంటే నష్టపోయేది ముందు మనమే అంటున్నాను. మూడేళ్లంటే పిల్లల బాల్యంలో పెద్ద ముక్క.

రెండో అభ్యంతరం భాష, తోడు గురించి. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 60 వేలకు దగ్గరగా తేలారు. వాళ్లలో అత్యధికులు ఉన్నది పెద్ద నగరాల్లో. నిల్ లాంటి ఊళ్లో పక్కింటి తెలుగు దొరకదు. పిల్లల నోట తెలుగు నిలవాలంటే నగరంలోనే ఉండాలనే మాటను నేను పక్కకు నెట్టలేను. అయితే మనవాళ్లంతా ఒకచోట చేరడం ఒక్కటే చాలదని చెప్పే ఉదాహరణ మన చరిత్రలోనే ఉంది. తుంగభద్ర ఆయకట్టులో, కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాలకు కోస్తా రైతులు వెళ్లి, భూములు కొని, ఊళ్లకు దూరంగా క్యాంపులు కట్టుకుని వరి పండించారు. సేద్యంలో వాళ్ల పట్టుదల గొప్పది. తెలుగూ నిలిచింది. కానీ మూడో తరం వచ్చినా వాటిని క్యాంపులనే పిలుస్తున్నారు. దీనికి భిన్నమైన దారి న్యూ సౌత్ వేల్స్ తీరంలోని వూల్‌గూల్గాలో కనిపిస్తుంది. 1940ల నుంచి అక్కడ అరటితోటల్లో పనిచేసి, తర్వాత ఆ తోటలే కొనుక్కున్న పంజాబీ సిక్కులు 1960ల చివర గురుద్వారా కట్టుకున్నారు, పంజాబీ వదల్లేదు. ఊరు ఏటా జరుపుకునే కర్రీఫెస్ట్ ఇప్పుడు అందరి పండగ. తమవాళ్లతో గుంపుగా ఉండటం, ఊరితో కలవడం ఒకదానికొకటి అడ్డు కాదని ఆ ఊరు నిరూపించింది. దానికి వాళ్లకు పట్టిన కాలం మాత్రం మూడేళ్లు కాదు, రెండు తరాలు.

జాతి వివక్ష లేదని నేననను. ఉంది. చిన్న ఊళ్లో మాట పడితే తప్పించుకుపోయే వీధి కూడా ఉండదు. అలాగే, మనకన్నా చాలా ముందు నుంచీ ఆ నేల మీద ఉన్న ఆదివాసులతో పరిచయం పెంచుకోకుండా కేవలం తెల్లవాళ్ల ఆమోదం కోసం పాకులాడితే ఆ ఊరిని సగమే చూసినట్టు.

నా వాదనకు నిజమైన హద్దు మరోచోట ఉంది. భార్యాభర్తల్లో ఒకరికి కొలువు దొరికి, రెండోవారికి ఏ పనీ లేకపోతే, కారు ఒక్కటే ఉంటే, పొద్దుటి నుంచి ఇంట్లో చిక్కుకున్న మనిషికి ‘ఊరితో కలువు’ అని చెప్పడం అన్యాయం. ఇది ఎక్కువగా ఆడవాళ్ల నెత్తిన పడే కష్టం. అందుకే ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు జీతంతో పాటు అడగవలసినవి వేరే ఉన్నాయి. అద్దె ఇల్లు నిజంగా దొరుకుతుందా, లేక ఉద్యోగం ఇచ్చేవాళ్లే చూపిస్తారా? అతనితో వెళ్లే ఆమె చదువుకు తగిన పని యాభై అరవై కిలోమీటర్ల లోపు ఉందా, ఆమె డిగ్రీకి అక్కడ గుర్తింపు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? చిన్నపిల్లలను చూసుకునే కేంద్రంలో ఖాళీ ఉందా? రెండో కారు కొనగలమా, ఆమె లైసెన్సు సంగతి ఏమిటి? పొద్దు వాలాక కంగారూలు రోడ్డు మీదికి వచ్చే దారుల్లో కారు నడపడం ఆమెకు ఎవరు నేర్పుతారు? నిల్‌లో కుటుంబాలను ముందే తీసుకెళ్లి ఊరు చూపించారని చెప్పాను. ఆ పని ఏ యజమాని అయినా చేయగలడు, రెండు విమానం టికెట్ల ఖర్చు. ఇద్దరినీ ఒకసారి పిలిచి ఊరు చూపించమని అడగండి. అలా వెళ్లిన ఒకటి రెండు రోజుల్లో ఆఫీసు చూడటానికి ఒక గంట చాలు. మిగతా సమయం బడికి, ఆసుపత్రికి, శనివారమైతే ఆట మైదానానికి కేటాయించండి. అక్కడ ఆమె ఎవరితో మాట్లాడింది, వాళ్లు తిరిగి ఏమడిగారు అన్నది తిరుగు ప్రయాణంలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. సంతకం ఆ తర్వాతే.