న్యూటన్: విగ్రహమూ, మనిషీ

మన ప్రబంధాలలో షష్ఠ్యంతాలని ఒక భాగం ఉంటుంది. కృతిభర్త గుణగణాలను విభక్తి తప్పకుండా వరసపెట్టి చెప్పటం దాని పని. ఆ పద్యాలు చదివి ఆ రాజు ఎలాంటివాడో తెలుసుకుందామని ఎవరూ అనుకోరు. ప్రబంధయుగం పోయింది గాని షష్ఠ్యంతాల మనస్తత్వం పోలేదు. శాస్త్రజ్ఞుల జీవితచరిత్రలు రాసేచోట అది ఇప్పటికీ రాజ్యమేలుతోంది. అందుకు ఐజాక్ న్యూటన్ చరిత్ర మంచి ఉదాహరణ.

పాఠ్యపుస్తకం నుంచి పిల్లల పత్రిక దాకా న్యూటన్ అంటే ఒక తోట, ఒక చెట్టు, ఒక యాపిల్ పండు. ఈ కథ ఎవరో కల్పించింది కాదు. చనిపోవటానికి ఏడాది ముందు, 1726లో, న్యూటనే స్టూక్లీ అనే మిత్రుడితో ఈ సంగతి చెప్పాడు. వోల్టేర్ దాన్ని లోకమంతా ప్రచారం చేశాడు. కాబట్టి పండు రాలిందా లేదా అన్నది కాదు ప్రశ్న. ఆ పండు దేన్ని కప్పేస్తోందన్నదే ప్రశ్న.

తోటలో కలిగిన ఆలోచన 1666 ప్రాంతంలోది. 'ప్రిన్సిపియా' అచ్చయింది 1687లో. నడుమ ఇరవై ఏళ్ళున్నాయి. ఆ ఇరవై ఏళ్ళలో, గ్రహగతుల గురించి 1679లో న్యూటన్‌తో ఉత్తరాలు నడిపిన రాబర్ట్ హుక్ ఉన్నాడు. 1684లో కేంబ్రిడ్జి వెళ్ళి అసలు ప్రశ్న అడిగి, వెంటపడి పుస్తకం రాయించి, రాయల్ సొసైటీ డబ్బు చేపల పుస్తకం అచ్చుకే అయిపోతే తన సొంత డబ్బుతో అచ్చు వేయించిన హేలీ ఉన్నాడు. తోకచుక్క కదలికలను నమోదు చేసిన గ్రీనిచ్ ఖగోళజ్ఞుడు ఫ్లామ్‌స్టీడ్ ఉన్నాడు. ఫ్రెంచి వలస కయెన్‌లో లోలకపు గడియారం రోజుకు 2.5 నిమిషాలు వెనకబడుతోందని 1672లో గమనించిన రిషే ఉన్నాడు. ఇప్పటి వియత్నాంలోని టాంకిన్ రేవులో ఆటుపోట్లు గమనించి రాసి పంపిన నావికుడున్నాడు. పండు ఒకటి రాలి ఇంతమందిని కనపడకుండా చేసింది. శ్రమను మాయం చేసి మహిమను మిగల్చటమే విగ్రహాలు చేసే పని.

ఈ విగ్రహానికి గట్టి దెబ్బ తగిలింది 1936 జులైలో. న్యూటన్ రాతప్రతులు లండన్‌లో వేలానికి వచ్చాయి. వాటిలో చాలా భాగం కొని చదివిన ఆర్థికవేత్త కీన్స్ ఒక వ్యాసం రాశాడు. ఆయన మరణానంతరం 1946లో దాన్ని సభలో చదివారు. న్యూటన్ హేతుయుగానికి తొలి మనిషి కాదు, మాంత్రికులలో చివరివాడన్నది దాని సారాంశం. న్యూటన్ రసవాదం మీద దాదాపు పది లక్షల మాటలు రాసుకున్నాడు. త్రిత్వాన్ని నమ్మకుండానే, ఆ సంగతి బయటపడనీయకుండా, త్రిత్వం పేరుమీద ఉన్న ట్రినిటీ కళాశాలలో బతికాడు.

తర్వాత తర్వాత మిగతావీ చర్చకు వచ్చాయి. హుక్ తన వాటా గుర్తించమన్నందుకు న్యూటన్ 'ప్రిన్సిపియా'లో అతని ప్రస్తావనలను చాలాచోట్ల కొట్టేశాడు. ఫ్లామ్‌స్టీడ్ పరిశీలనలను 1712లో అతని సమ్మతి లేకుండానే అచ్చు వేయించాడు. కలనగణితం ఎవరిదన్న తగవులో లైబ్నిట్జ్ మీద రాయల్ సొసైటీ వేసిన సంఘానికి, అధ్యక్షస్థానంలో ఉండి, నివేదిక తానే రాసిపెట్టాడు. 1715లో ఆ నివేదికను మెచ్చుకుంటూ పేరు లేకుండా సమీక్ష రాసిందీ తానే!

ఇవి చూపించి 'ఇంతేనా న్యూటన్' అనే రచనలూ వచ్చాయి. మూడేళ్ళ వయసులో తల్లి మరో పెళ్ళి చేసుకుని వదిలి వెళ్ళటంలోనే మొత్తం స్వభావానికి మూలం వెతికిన వాళ్ళున్నారు. ఫ్రాంక్ మాన్యుయల్ 1968లో రాసిన పుస్తకం అలాంటిది. హుక్ చిత్రపటాన్ని న్యూటన్ నాశనం చేయించాడనే కథ కూడా పుట్టింది. దానికి ఆధారం లేదు. స్తోత్రాన్ని తిరగేస్తే చరిత్ర రాదు, తిట్టుకవిత్వం వస్తుంది.

ఈ రెంటికీ భిన్నమైన దారి చూపించినవాడు సోవియట్ భౌతికశాస్త్రజ్ఞుడు బోరిస్ హెస్సెన్. 1931లో లండన్‌లో జరిగిన విజ్ఞానశాస్త్ర చరిత్ర మహాసభలో 'ప్రిన్సిపియా' సామాజిక, ఆర్థిక మూలాల మీద ఆయన పత్రం చదివాడు. ఓడల ప్రయాణం, గనుల్లో నీటి తోడకం, ఫిరంగి గుండు దారి - పెరుగుతున్న వర్తక పెట్టుబడి యాంత్రికశాస్త్రం ముందు పెట్టిన ప్రశ్నలివి అన్నాడు. బెర్నాల్ వంటివారి ఆలోచనలను ఆ పత్రం మలుపు తిప్పింది. టాంకిన్ ఆటుపోట్ల లెక్క ఇంగ్లండులో ఒక గణితజ్ఞుడి బల్ల మీదికి ఎలా వచ్చిందో ఈ దృష్టి లేకుండా అర్థం కాదు.

అయితే హెస్సెన్ దృష్టికీ హద్దు ఉంది. అదే లండన్‌లో, అవే ప్రశ్నల మధ్య హుక్ కూడా బతికాడు. గ్రహాల దీర్ఘవృత్తాన్ని రుజువు చెయ్యగల గణితం హుక్ దగ్గర లేదు, న్యూటన్ దగ్గర ఉంది. కాలం ప్రశ్న వేస్తుంది. జవాబు చెప్పేవాడు మాత్రం ఒక ప్రత్యేకమైన మనిషి. ఆ మనిషిని విడిచిపెట్టి కాలాన్ని మాత్రమే చెప్తే అదీ అసంపూర్ణమే.

హెస్సెన్ గురించి ఇంకొక మాట అభ్యుదయ రచయితలమైన మనమే చెప్పాలి. న్యూటన్ కాగితాలు వేలమైన 1936లోనే ఆయన్ను అరెస్టు చేశారు. డిసెంబరులో కాల్చి చంపారు. నిర్దోషి అని 1956లో ప్రకటించారు. చాలాకాలం మనవాళ్ళు ఆయన వ్యాసాన్ని మెచ్చుకున్నారు గాని ఆయన చావు మాట ఎత్తలేదు. పుస్తకంలోంచి హుక్ పేరు కొట్టేసిన న్యూటన్‌ను తప్పుపట్టే మనం ఈ మౌనాన్ని ఏమనాలి? షష్ఠ్యంతాలు రాజులకే కాదు, రాజ్యాలకూ రాస్తారు.

మరి జీవితచరిత్ర ఎలా రాయాలి? కాలం ఏ ప్రశ్న వేసిందో చెప్పాలి. ఆ పనిలో ఎవరెవరి శ్రమ కలిసిందో పేరుపేరునా చెప్పాలి. తప్పుల విషయంలో ఒక విచక్షణ కావాలి. న్యూటన్ ఒంటరితనం, కోపం ఆయన సొంతం. వాటితో మనకు పేచీ లేదు. అధికారం చేతికొచ్చాక ఇతరుల పని మీద, ప్రాణం మీద దాన్ని ఎలా వాడాడన్నది మాత్రం చరిత్రకు సంబంధించిన విషయం. 1696లో టంకశాల అధికారి అయ్యాక దొంగనాణేల వాళ్ళ వెంటపడి సాక్ష్యాలు సేకరించాడు. విలియం చలోనర్‌ను 1699లో ఉరి తీశారు. 1713 నుంచి స్పానిష్ అమెరికాకు బానిసలను సరఫరా చేసే ఒప్పందమున్న సౌత్ సీ కంపెనీలో వాటాలు కొన్నాడు. 1720లో అందులో భారీగా నష్టపోయాడు. ఈ సంగతులు ఆయన సూత్రాలను అబద్ధం చెయ్యవు. ఆ సూత్రాలు కూడా ఈ సంగతులను మాపలేవు.

మన విద్యార్థులకు చెప్పదగింది ఆ జీవితంలో చాలా ఉంది. తండ్రి సంతకం పెట్టలేని రైతు. తల్లికి ఆస్తి ఉన్నా కొడుకు కేంబ్రిడ్జిలో డబ్బున్న వాళ్ళకు ఊడిగం చేసే తరగతి విద్యార్థిగానే చేరాడు. పండు కథ విన్న పిల్లవాడు తన నెత్తిన ఎప్పుడు పండు పడుతుందా అని చూస్తాడు. ఇరవై ఏళ్ళ కథ విన్నవాడు లెక్క చెయ్యటం మొదలుపెడతాడు.