ఎడారిలో ఇల్యా: ఒక హాస్య సాహస ధారావాహికపై పరిశీలన

అమెరికాలోని ఎన్.బి.సి. టెలివిజన్ 1964 నుండి 1968 వరకు ప్రసారం చేసిన ‘ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ గూఢచారుల సాహసాలకు హాస్యాన్ని జోడించిన ధారావాహిక. ఇందులో అమెరికావాడైన నెపోలియన్ సోలో, రష్యావాడైన ఇల్యా కుర్యాకిన్ ఒకే సంస్థలో సహచరులు. క్యూబా క్షిపణి సంక్షోభం జరిగి రెండేళ్లు నిండకముందే ఒక రష్యన్‌ను అమెరికా ఇళ్లలోకి ఆప్తుడిగా తీసుకురావడం సామాన్య విషయం కాదు. ఈ ఘనతను ముందుగా అంగీకరించడం న్యాయం.

అయితే ఆ ఔదార్యానికి హద్దు ఎక్కడ? 1965 అక్టోబరు 29న ప్రసారమైన ‘ది అరేబియన్ అఫైర్’ ఈ ప్రశ్నకు సమాధానమిస్తుంది. థ్రష్ అనే దుష్టసంస్థ వస్తువులను మాయం చేసే సాధనాన్ని అరేబియా ఎడారిలో సిద్ధం చేస్తుంది. దాని జాడ తీయబోయిన ఇల్యా ఒక ఎడారి తెగకు బందీగా చిక్కుతాడు. తెగ నాయకుని పేరు సులాడోర్, అతని కుమార్తె పేరు సోఫీ. మొదటి పేరుకు అరబీ ధాతువు ఏదీ కనిపించదు. రెండవది గ్రీకు నుండి వచ్చినది. ఒక జాతి కథ చెప్పబూనినవారు ఆ జాతి పేర్లనైనా విచారించలేదన్నమాట.

ఇదే కథలో పదవీ విరమణకు సిద్ధమైన థ్రష్ ఉద్యోగి ఒకడున్నాడు. అతనికి భయముంది, ఆశ ఉంది, ముందున్న రోజులపై బెంగ ఉంది. అతని అవస్థలోంచే నవ్వు పుడుతుంది. తెగవారి విషయంలోనో, వారి వేషభాషలే నవ్వుకు ఆధారం. శత్రుసంస్థ ఉద్యోగికి దక్కిన మనసు ఎడారివాసికి దక్కలేదు. శరణు కోరినవాణ్ణి ‘దఖీల్’గా భావించి ప్రాణమిచ్చి కాపాడే సంప్రదాయం గల బదూలు ఇక్కడ బందీలను పట్టే గుంపుగా పరిచయమవుతారు.

సులాడోర్ పాత్రధారి మైఖేల్ అన్సారా సిరియాలో జన్మించినవాడు. ‘బ్రోకెన్ ఆరో’ ధారావాహికలో అపాచీ నాయకుడు కోచీస్‌గా ఆయన అంతకు ముందే ప్రసిద్ధుడు. అంటే అపాచీ అయినా, అరబ్బు అయినా హాలీవుడ్ దృష్టిలో ఒకే మూసలో ఇమిడే ‘పరాయివాడు’.

‘ఇది వినోదమే కదా, ఇంత విచారణ ఎందుకు?’ అని కొందరనవచ్చు. ఒక్క కథ అయితే ఆ మాట చెల్లును. కాని లెబనాన్ మూలాలు గల అమెరికన్ ఆచార్యుడు జాక్ షాహీన్ 1984లో వెలువరించిన ‘ది టి.వి. అరబ్’ గ్రంథంలో ఇటువంటి చిత్రణ ఎంత విస్తారంగా పునరావృతమైందో సోదాహరణంగా చూపారు. పదేపదే చూసిన బొమ్మ చివరకు పరిచయంగా చలామణీ అవుతుంది.

తెగలు, జాతులు ఉన్నది పరస్పర పరిచయానికేనని అల్-హుజురాత్ సూరా 13వ ఆయతు బోధ. ఆ గీటురాయిపై ఈ కథ సగమే నెగ్గింది: రష్యన్‌ను పరిచయం చేసింది, అరబ్బును దాచింది. ఈ గీటురాయి పాశ్చాత్యులకే పరిమితం కాదు. పరాయి జాతిని గురించి ముస్లిం రచయిత కలం పట్టినప్పుడు సైతం ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే: వారి పేరైనా సరిగా విచారించామా?