చీరమీది దేవతలు

హైటెక్ సిటీ చేరువనున్న శిల్పారామములో కలంకారీ తెరలను చూచినప్పుడెల్ల మాకు గౌరంగ్ షా గారి చీరలు జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు వాస్తవ్యులైన ఆ వస్త్రరూపశిల్పి, గాంధీజీ 150వ జయంతి సందర్భమున 2019లో, రాజా రవివర్మ చిత్రములను ఖద్దరు చీరలపై జాందానీ పద్ధతిని నేయించి ముంబయిలో ప్రదర్శించిరి.

రవివర్మ (1848–1906) లక్ష్మీసరస్వతులకు చీరలు కట్టి, స్వర్గవాసినులను మన యింటి యాడువారివలె జేసెను. ఇప్పుడా దేవతలే చీరపై కెక్కిరి. ఈ తలక్రిందులాట మిక్కిలి చమత్కారము. దీనికి మేమును ముగ్ధులమైతిమి.

అయినను జాందానీయందు ప్రతి వన్నెపోగును నేతగాడు పడుగు నడుమ చేతితో విడివిడిగా చొప్పింపవలెను. అది పువ్వులకును, హంసలకును సహజమైన శిల్పము. బుగ్గమీది వెలుగును, తైలవర్ణముల నీడను దానిచే పలికించుట నేతకు కీర్తియా, కొలువా? ఆ యోర్పునకు నమస్కరింతుముగాని, నేత తన సొంతమాట పలికినదని యనజాలము. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారుని గీత యన్ననో, తైలచిత్రమున కేమియు ఋణపడలేదు. అది గుడితెరగా వ్రేలాడుటకు పుట్టినది, కట్టుటకు గాదు.

చెంగున నేసిన బొమ్మయో, పైటను మడిచి భుజముపై వేయగానే మడతలలో చిక్కును. “కుర్చీలో అమ్మవారిమీద నానుకొని కూర్చుండవలెనా?” అని మా యింటివారు ప్రశ్నించిరి. మేము చదివిన సంస్కృతమున దీనికి సమాధానము దొరకలేదు. రాబోవు చీరకు బొమ్మను నేతగానినే కల్పింపుమని యొకసారి యడిగి చూడవలదా?