స్కాలర్ చిరునామా ఏది?

ఉస్మానియా క్యాంపస్‌లో పరిశోధన చేస్తూ, అక్కడే ఉద్యోగమూ చేసే ఒక స్కాలర్ వివరాలను ప్రోగ్రాములో రాయాలనుకుందాం. అన్నిటికీ పైన ‘మనిషి’ క్లాసు. చిరునామా అనే మెథడ్‌ని పిలిస్తే అది మల్కాజ్‌గిరిలోని సొంతింటిని చెబుతుంది. దాని కింద ‘విద్యార్థి’, ‘ఉద్యోగి’. ఉద్యోగి క్లాసు ఆ మెథడ్‌ని తిరగరాసి తార్నాక క్వార్టర్స్ అని పెట్టుకుంది. విద్యార్థి దాని జోలికి పోలేదు. ఈ రెండింటి వారసత్వమూ తీసుకున్నది ‘స్కాలర్’. దాన్ని చిరునామా అడిగితే ఏం చెప్పాలి?

తొలినాళ్ల పైథాన్ ఎడమవైపు కొమ్మను చివరిదాకా ఎక్కేది: స్కాలర్, విద్యార్థి, మనిషి. మల్కాజ్‌గిరి దొరకగానే ఆగిపోయేది. ఉద్యోగి క్లాసు పనిగట్టుకుని రాసిన తార్నాక వంతు వచ్చేదే కాదు. సీ ప్లస్ ప్లస్‌లో విద్యార్థి, ఉద్యోగి ఇద్దరికీ సొంత చిరునామా ఉంటే కంపైలర్ ఏదీ ఎంచుకోదు, తప్పని ఆపేస్తుంది. అది నిజాయితీ గల పద్ధతే, కానీ తేల్చే భారం రాసేవాళ్లదే.

ఈ చిక్కును తేల్చడానికి 1996లో డిలన్ భాష కోసం ఆరుగురు కలిసి ప్రచురించిన పద్ధతి సీ3. 2003లో పైథాన్ 2.3 దాన్ని తీసుకుంది. ముందుగా మూడు వరసలు రాసుకోవాలి: ‘విద్యార్థి, మనిషి’ ఒకటి; ‘ఉద్యోగి, మనిషి’ రెండోది; మూడోది స్కాలర్ తన తల్లి క్లాసులను పేర్కొన్న క్రమం, అంటే విద్యార్థి, ఉద్యోగి. ఇక ఒక్కటే పరీక్ష. ఒక వరసలో మొదటి పేరు మరే వరసలోనూ వెనక ఉండకూడదు. విద్యార్థి ఎక్కడా వెనక లేదు, తీసుకుంటాం. తర్వాత మనిషి ముందుకొస్తుంది, కానీ ఉద్యోగి వరసలో ఇంకా వెనకే ఉంది, ఆగాలి. ఉద్యోగిని తీసుకుంటాం. అప్పుడే మనిషి. జవాబు తార్నాక!

ఇంత చిన్న పరీక్ష రెండు మాటలు నిలబెడుతుంది: పిల్ల క్లాసు ఎప్పుడూ తల్లి కంటే ముందే, మనం రాసిన ఎడమ, కుడి క్రమమూ చెదరదు. రెండూ పొసగకపోతే సర్దుబాటు చేయదు. తల్లి క్లాసులను ‘మనిషి, విద్యార్థి’ అనే క్రమంలో రాసి చూడండి. మనిషి ఒక వరసలో వెనక, విద్యార్థి ఇంకో వరసలో వెనక. ఏదీ కదలదు. ఆ క్లాసు పుట్టకముందే పైథాన్ టైప్ ఎర్రర్ చూపిస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది, పై క్లాసులోని మెథడ్‌ని పిలవడానికి వాడే ‘సూపర్’. స్కాలర్ వస్తువు మీద పని జరుగుతున్నప్పుడు విద్యార్థి క్లాసులోని సూపర్ తన తల్లి అయిన మనిషి దగ్గరికి పోదు. వరసలో పక్కనున్న ఉద్యోగిని పిలుస్తుంది. విద్యార్థి క్లాసు రాసినవాళ్లకు ఉద్యోగి అనే క్లాసు ఉందనే తెలియకపోవచ్చు.