గుత్తయా, గంటల లెక్కయా?

ఈ వారము నాకు కోపము తెప్పించినది ఒక కాగితము. హైదరాబాదులో కొన్నేండ్లు నెలజీతమునకు సాఫ్ట్‌వేరు కొలువు చేసి, ఇటీవలనే దానిని విడిచి స్వతంత్రముగా కాంట్రాక్టు పనులకు పూనుకొన్న మా పై వాటా వారి అమ్మాయి, తన తొలి బేరపు ఒడంబడికను తెచ్చి నా చేతికిచ్చి, "తాతగారూ, సంతకం పెట్టేముందు మీరొకసారి చూడండి" అన్నది. ఒక టోకు వ్యాపార సంస్థవారి పాత పద్దులన్నింటిని కొత్త సాఫ్ట్‌వేరులోనికి తరలించుట ఆమె చేయవలసిన పని. పని మొత్తమునకు ఒకే గుత్త, గంటల లెక్క, నెలకింత యని స్థిరమైన మొత్తము, ఈ మూడింటిలో దేనినైనను ఆమె ఎంచుకొనవచ్చునని వ్రాసిరి. ఎంపికను పనిచేయువారికే విడిచిన ఆ మర్యాదకు నేను సంతోషించుచుండగనే దాని క్రింది పంక్తి కంటబడినది. ఏ పద్ధతి నెంచుకొన్నను బిల్లు అందిన 60 దినములకు గాని సొమ్ము చెల్లింపరట.

చేసిన పనికి రెండు నెలలు సొమ్ము నిలిపియుంచుట యనగా, ఉన్నవాడు లేనివాని యొద్ద వడ్డీ లేని యప్పు తీసికొనుటయే. దీనిని నేను ఈ శీర్షికలో పలుమార్లు ఖండించితిని, బ్రతికియున్నంత కాలము ఖండింతును. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపవలసిన సొమ్మునకు, వ్రాతపూర్వకమైన ఒడంబడిక యున్నను గడువు 45 దినములు మించరాదు. ఒడంబడికయే లేనిచో 15 దినములు. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, అదియు నెలనెలకు చక్రవడ్డీగా, ఈయవలెను. ఒంటరిగా సేవావృత్తి చేసికొను మనిషి సైతము ముందుగా ఉద్యం నమోదు చేసికొన్నచో ఈ రక్షణకు అర్హుడే. ఆ నమోదునకు రుసుము లేదు. ఇదిగాక 2024 ఏప్రిల్ నుండి, ఇట్టివారికి గడువులోపల చెల్లింపని సొమ్మును కొనుగోలుదారు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకొనవలెనన్న, నిజముగా చెల్లించువరకు వేచియుండవలసినదే. ఈ సంగతులు విన్న మీదట అమ్మాయి ఆ రాత్రియే ఉద్యం నమోదు ముగించి, 60ని 30గా దిద్దుడని వారికి ఉత్తరము వ్రాసినది.

ఇక అసలు ప్రశ్న మిగిలినది. మూడింటిలో ఏది?

గుత్తపని యెడల నాకు గల పక్షపాతము ఈ శీర్షికను చాలకాలముగా చదువుచున్నవారికి క్రొత్తది కాదు. పనిని కొలిచి యిచ్చి, కొలతకు తగిన సొమ్ము పుచ్చుకొనువాడు ఒకరి యెదుట చేతులు కట్టుకొని నిలువనక్కరలేదనియు, కాలమును అమ్ముకొనువాడు దానితోబాటు కొంత స్వేచ్ఛను కూడ అమ్ముకొనుననియు నేను వ్రాయుచు వచ్చితిని. పైగా గంటల లెక్క నేర్పరికి నష్టకరము. పదిగంటల పనిని నాలుగు గంటలలో ముగించువానికి నాలుగు గంటల కూలియే దక్కును. నేడు గంటల పద్ధతిపై పనిచేయువారి కంప్యూటరు తెరను పది నిమిషముల కొకటి చొప్పున ఫొటోలు తీసి యజమానికి చూపు ఏర్పాట్లు కూడ వచ్చినవి. స్వతంత్రురాలు కాగోరి కొలువు విడిచిన పిల్లకు అటువంటి కాపలా యేల? కావున "గుత్త పుచ్చుకో అమ్మా" యను మాట నా నాలుక చివరకు వచ్చినది.

దానిని అచ్చటనే ఆపినది పల్నాటిలో మా యిల్లు కట్టిన మేస్త్రీ జ్ఞాపకము.

ఆయన బడి మెట్లెక్కినవాడు కాడు, కాని సొమ్ము ముట్టు వేళలను అమర్చుటలో ఆయనకు సాటివచ్చు న్యాయవాదిని నేను చూడలేదు. ఇంటి గోడలకును కప్పునకును గుత్త మాట్లాడి, బయానాగా కొంత, పునాది నేలమట్టమునకు లేచిన నాడు కొంత, ద్వారబంధము నిలిపిన నాడు కొంత, కప్పు పడిన నాడు కొంత యని విభజించి, సున్నము పూర్తియైన పిదప రావలసిన శేషమును మిక్కిలి స్వల్పముగా నుంచుకొనెను. సంతనాడు తన మనుష్యులకు కూలి ముట్టవలెను గదా. వారి వారపు కూలికి మించిన సొమ్ము ఏనాడును మా నాయనగారి యొద్ద బాకీపడి యుండకుండ ఆ విభజన సాగినది. వానకు గాని జాతరకు గాని పని నిలిచినచో వంటయింటి గోడమీద బొగ్గుతో గీత గీసెడివాడు. ఆ గీతలు నాగాలు. ఆయన గుత్తలో కొన్ని నాగాల ఖర్చు ముందుగనే చేరియుండెడిది. గీతలు ఆ లెక్కను మించినప్పుడు, కొత్త బేరమునకు రేటు పెంచెడివాడు.

ఇల్లు పూర్తి కావచ్చిన తరువాత దొడ్లో బావి త్రవ్వవలసి వచ్చినది. గోడల విషయమున ఆయన నిజాయితీ చూచిన మా నాయనగారు బావిని కూడ గుత్తకే పుచ్చుకొమ్మనిరి. మేస్త్రీ తలపాగ విప్పి మోకాళ్లపై పెట్టుకొని, "అయ్యగారూ, గోడ ఎంత లేస్తుందో నాకు తెలుసు, తమకూ తెలుసు. కింద రాయి ఎక్కడుందో తమకూ తెలియదు, నాకూ తెలియదు. మట్టి ఉన్నంతవరకూ మట్టుకింత అని చెప్తాను. రాయి తగిలిన రోజునుంచి రోజుకూలే" అనెను. నాయనగారికి అది తప్పించుకొను మాటవలె తోచి, వారము దినములు పలుకక మిన్నకుండిరి. ఆ వీధి చివర మరియొక యింటివారు అదే కాలమున వేరొక ముఠాకు బావిని గుత్తకిచ్చిరి. మూడు మట్టుల లోతున నాపరాయి తగులగా, గునపముతో కానిపని సమ్మెటకును తూటాలకును చేరి, పుచ్చుకొన్న సొమ్ము కూలికే చాలక, ఆ ముఠా ఒక తెల్లవారుజామున పలుగు పారలతో ఊరు విడిచి పోయినది. మా బావిలోను రాయి తగిలినది. రోజుకూలి మీద మెల్లగా తొలిచి, నీరు పడిన తరువాతనే మేస్త్రీ తన పనివారితో పైకి వచ్చెను. తుది లెక్కలో నాయనగారికి అయిన ఖర్చు గుత్తగా మొదట అనుకొన్న మొత్తమునకు మించినదే. అయినను ఆ నీటిని మేము తరతరములుగా త్రాగితిమి.

గుత్త పుచ్చుకొనుట యనగా కనబడనిదాని ఖర్చును భరింతునని మాట యిచ్చుట. మేస్త్రీ గోడను ఎరుగును గనుక గోడకు గుత్త చెప్పెను. ఈ అమ్మాయి ఇంకను ఆ పద్దుల అడుగు చూడలేదు. ఆమెకు వారు పంపినది కొన్ని పుటల నమూనా మాత్రమే. ఒకే ఖాతాదారు పేరు నాలుగు వర్ణక్రమములలో వ్రాయబడియున్నదని ఆ నమూనాలోనే కనబడుచున్నది. పైగా ఆ సంస్థ ఉమ్మడి రాష్ట్రపు కాలము నుండి వ్యాపారము చేయుచున్నది. వ్యాట్ దినములలో 28తో మొదలైన 11 అంకెల సంఖ్య గల ఖాతాదారులలో ఎవరు నేడు తెలంగాణలో 36తోను, ఎవరు ఆంధ్రప్రదేశ్‌లో 37తోను మొదలగు 15 అక్షరముల జీఎస్టీ సంఖ్యకు మారిరో, ఎవరు వ్యాపారమే మానుకొనిరో, ఒక్కొక్కరిని పోల్చి తేల్చవలెను. నాపరాయి యచ్చటనే యున్నదని నా యనుమానము.

గుత్త స్వాతంత్ర్యము నిచ్చునన్న నా మాటకు కూడ హద్దు కలదు. 1973లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, తెలంగాణ ప్రాంతపు 1951 నాటి దుకాణముల చట్టమును పరిశీలించుచు, బట్టకింత యని కూలి పుచ్చుకొను దర్జీలు సైతము ఆ దుకాణపు ఉద్యోగులే యని తీర్పు చెప్పినది. కుట్టుయంత్రములు దుకాణమువి, కుట్టవలసిన తీరు దుకాణదారు చెప్పునది, నచ్చనిచో తిరిగి కుట్టించు అధికారమును ఆతనిదే. సొమ్మును కొలుచు విధానమొక్కటే మనిషిని స్వతంత్రుని చేయదు. అమ్మాయి ఒడంబడికలో నెలసరి మొత్తమును గూర్చిన భాగమున, ఉదయము పదింటి నుండి సాయంకాలము ఆరింటి వరకు అందుబాటులో నుండవలెననియు, సెలవునకు ముందుగా అనుమతి పొందవలెననియు ఉన్నది. భవిష్యనిధి లేక, గ్రాట్యుటీ లేక, జబ్బుపడినచో జీతపు సెలవు లేక మిగిలిన కొలువది. దానిని మొదటనే కొట్టివేయుమంటిని.

కాన గుత్త వలదనియే చెప్పితిని. మొదటి రెండు వారములు పద్దులను పరిశీలించుటకు గంటల లెక్క, పక్షమునకొక బిల్లు, తెర ఫొటోలకు సమ్మతింపక, ఏ గంటలో ఏ పని జరిగినదో తానే వ్రాసి యిచ్చుట. గంట రేటును పాత జీతమును భాగించి తేల్చరాదు. పని దొరకని దినములు, బేరములకు పోవు దినములు, జ్వరపు దినములు, అన్నియు బొగ్గుగీతలుగా అందులో చేరవలెను. సాంకేతిక సేవ యనినచో 2 శాతము, వృత్తిసేవ యనినచో 10 శాతము సంస్థవారు ముందుగా పన్ను కోసి కట్టుదురు. అది పోయిన సొమ్ము కాదు, రిటర్నులో లెక్కకు వచ్చును, కాని చేతికి వచ్చునది తగ్గునని ముందే యెరిగియుండవలెను. సేవల రాబడి ఏటా 20 లక్షలు దాటువరకు జీఎస్టీ నమోదు జోలి లేదు. సాంకేతిక సలహా వంటి నిర్ణీత వృత్తులవారు 50 లక్షల రాబడి వరకు, నగదు రాబడి 5 శాతము మించనిచో 75 లక్షల వరకు, సగమును ఆదాయముగా చూపి పన్ను కట్టు సౌకర్యము కలదు. దానిని ఆడిటరుతో మాట్లాడి నిశ్చయించుకొమ్మంటిని.

సంస్థవారు 30 దినములకును, గంటల లెక్కకును ఒప్పుకొనిరి, బయానాకు ఒప్పుకొనలేదు. బయానా లేనిదే పని మొదలుపెట్టరాదని నేను పట్టుబట్టగా, "మొదటి బిల్లు పదిహేను రోజుల్లోనే కదా తాతగారూ, అంతవరకు నేను ఓర్చుకోగలను" అన్నది. నష్టపోగల సొమ్ము ఎంతయో ఆమె లెక్కించుకొన్నది గనుక ఆ నిర్ణయము ఆమెదే. పరిశీలన ముగిసిన పిమ్మట, తేటపడిన భాగమునకు గుత్త చెప్పునట. ఆ గుత్తలో చేరనివాటి జాబితాను ఇప్పటినుండియే వ్రాయుచున్నాము. 2017 జూలైకి ముందటి పద్దులన్నియు దాని శిరోభాగమున ఉండవలెనని నేనును, 2014కు ముందటివి చాలునని ఆమెయు వాదించుకొనుచున్నాము.