ఉభయకుశలోపరి: దేశం పోయినవాళ్ల జాబులు

మన సాహిత్య చరిత్రల్లో ‘లేఖాసాహిత్యం’ అనే శీర్షిక కింద ఏమేమి చేరుస్తున్నారో ఒకసారి చూడండి. పండితులు పండితులకు రాసుకున్న ఉత్తరాలు, కవులు ప్రేయసులకు రాసినట్టు ఊహించుకున్న ఉత్తరాలు, నాయకులు జైళ్లనుంచి బిడ్డలకు రాసిన ఉత్తరాలు. అంతటితో పట్టిక ముగుస్తుంది. ఈ పట్టికను నమ్మితే, దూరాన వున్న తనవాళ్లను తలచుకోవడమనేది చదువుకున్నవాడికే వుండే గుణమని అర్థం చేసుకోవలసివస్తుంది. ఇంత మాట ఎవరూ నోరు విప్పి అనలేదు. అనకపోయినా మన విమర్శ నడుస్తున్నది దీని మీదే.

ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం కంటే అనువైన చోటు లేదు. పరాయి దేశంనుంచి ఇక్కడికి వచ్చి, ఇంటికి సంపుటాలకు సరిపోయేటన్ని ఉత్తరాలు రాసినవాడినీ ఈ సీమ చూసింది. ఇక్కడినుంచి పోయి, ఒక్క ఉత్తరమూ రాయలేని వేలమందినీ చూసింది.

మొదటివాడు థామస్ మన్రో. ఆయన పేరు ఈ ప్రాంతంలో చదువురానివాళ్లకు కూడా తెలుసు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడన్న కథ వుంది; మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఆ భక్తి సంగతి అట్లా వుంచి, మనిషిని చూద్దాం. 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి పొగాకు వర్తకం అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో మునిగింది. 1780లో కంపెనీ సైన్యంలో కాడెట్‌గా మద్రాసులో దిగాడు. అంటే, నిజం చెప్పాలంటే, ఇల్లు గడవక పొట్టకూటికి దేశం పోయిన కుర్రవాడే. వచ్చిన కొత్తలో తలకింద పెట్టుకోవడానికి దిండుకు కూడా గతిలేదని అక్కచెల్లెళ్లకు రాశాడు. చితికిపోయిన తండ్రికి జీతంలోంచి డబ్బు పంపాడు. గల్ఫునుంచి ఇంటి అప్పు తీర్చే కడప జిల్లా కుర్రవాడికీ ఇతనికీ ఇంతవరకు తేడా కనిపించదు.

తేడా 1800లో మొదలవుతుంది. నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు; ఆదోని అందులోదే. 1807 వరకు మన్రో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. గుడారాల్లో తిరుగుతూ, పొలం పొలం కొలిపించి, రైతు రైతుకూ శిస్తు కట్టాడు. ఆ శిస్తు ఎంత బరువైనదో వేరే సాక్ష్యం అక్కరలేదు. నాలుగో వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేసినవాడు ఆయనే. ఇంత పని మధ్య స్కాట్లండులో వున్న తనవాళ్లకు రాస్తూనే వున్నాడు. ఆ ఉత్తరాలను గ్లెగ్ అనే మతాచార్యుడు చేర్చి, 1830లో లండన్‌లో మన్రో జీవిత చరిత్రగా ప్రకటించాడు.

అవి మంచి ఉత్తరాలని ఒప్పుకోవాలి. హాస్యం వుంది, పటాటోపం లేదు. వలస పాలకుడి ఉత్తరాలు గనుక చెడ్డవే అయివుండాలని వాదించడం విమర్శ కాదు, బద్ధకం. కాని ఆ ఆర్ద్రత ఏ సామగ్రి మీద నిలిచిందో అడగడం మన పని. కాగితం, చదువు, ఒంటరిగా కూర్చుని రాసుకునే తీరిక, గుడ్‌హోప్ అగ్రం చుట్టి అయిదారు నెలలకు చేర్చే కంపెనీ ఓడ, అందుకున్నాక దాచుకునే ఇల్లు, దాచినదాన్ని అచ్చువేసే ప్రచురణకర్త. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ మనసు మనకు తెలిసేది కాదు. 1827 జులై 6న, ఆదోనికి దగ్గరలోని పత్తికొండలో మన్రో కలరాతో చనిపోయాడు. అంతకు ముందే భార్య, జబ్బుపడ్డ బిడ్డతో స్వదేశానికి ఓడ ఎక్కింది. గవర్నరు చావు కబురుకైనా ఆ రోజుల్లో సముద్రం మీద నెలలు పట్టేది. దూరం అందరినీ బాధించింది. కాగితం కొందరికే దక్కింది.

ఆ మూడేళ్లకే తెలుగులో ఒక గొప్ప వచన గ్రంథం మొదలైంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ అయిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. ఆ నాటికి కాశీ దేశాంతరమే. దారిపొడుగునా రాసినదాన్ని తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపుతూ వచ్చాడు. పిళ్ల 1838లో దాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. అహోబిలం, శ్రీశైలం మీదుగా పోయిన ఈ యాత్రికుడు నీళ్లెక్కడ మంచివి, బియ్యం ఎక్కడ దొరుకుతుంది, ఏ దారి బండికి పనికిరాదు అని, మాట్లాడుకునే తెలుగులో, ఎదురుగా వున్నవాడికి చెప్పినట్టు చెప్పుకుపోతాడు. ఆ వచనం కావ్యంగా పుట్టలేదు, కబురుగా పుట్టింది. దాని బలమంతా అందులోనే వుంది. వినడానికి అవతల ఒకడున్నాడన్న నమ్మకం లేనిదే అట్లాంటి వాక్యం రాదు.

అయితే వీరాస్వామయ్య ఒంటరిగా పోలేదు. వెంట దాదాపు నూరుమంది పరివారం. పల్లకీ మోసే బోయీలున్నారు. వాళ్లకూ ఇళ్లున్నాయి. వాళ్లకూ పదిహేను నెలలపాటు పెళ్లాం బిడ్డల మొహం కనపడలేదు. పుస్తకంలో వాళ్లు పల్లకీ మోస్తూ కనిపిస్తారు. వాళ్ల ఇళ్లు కనిపించవు. దీనికి వీరాస్వామయ్యను తప్పుపట్టి లాభం లేదు. ఆయన రాసినది ఆయన కబురు. వాళ్ల కబురు వెదకవలసినవాళ్లం మనం.

1871లో మద్రాసు రైలు, బొంబాయి రైలు రాయచూరు దగ్గర కలిశాయి. అప్పటికి సూయజ్ కాలువ తెరిచారు. సీమనుంచి బొంబాయిలో దిగిన తపాలా ఆదోని స్టేషను మీదుగా మద్రాసుకు పరుగెత్తింది. ఆ పట్టాలకు ఇరుపక్కలా వున్న పల్లెల్లో ఆ సంచులనుంచి ఒక కవరు అందుకోగల ఇళ్లు ఎన్ని వుంటాయి? అయిదేళ్లకే 1876–78 నాటి మహాకరువు. ఆదోని తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాలో వుండేది (1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిసింది). బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరువుకు ఘోరంగా బలైనవాటిలో వున్నాయి. ఈ సీమ మాటల్లో ‘దేశాల మీద పోవడం’ అన్న పలుకుబడికి అర్థం అట్లాంటి కరువులు నేర్పినదే. అటు మద్రాసు రేవునుంచి ఒప్పంద కూలీలు నెటాలుకు, మారిషస్‌కు ఓడలెక్కుతున్నారు. 1860 నుంచి 1911 వరకు ఒక్క నెటాలుకే ఇండియానుంచి లక్షన్నర మంది పోయారు; వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్లను గురించి మిగిలిన కాగితం ఓడ పట్టిక. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చ. తోట యజమాని గుర్తుపట్టడానికి రాసుకున్నది అది. మన్రో తన గురించి తాను చెప్పుకున్నాడు; కూలీని గురించి అతని మచ్చ చెప్పింది.

పోస్టుకార్డు 1879లో వచ్చింది, పావు అణా. 1880లో మనియార్డరు పోస్టాఫీసుకు వచ్చింది. నా దృష్టిలో బీదవాళ్ల లేఖాసాహిత్యం ఇక్కడ మొదలవుతుంది. మనియార్డరు ఫారం అడుగున నాలుగు మాటలు రాసుకోవడానికి చిన్న జాగా వుండేది. డబ్బు పంపేవాడు గుమాస్తా చేతనో, తోటి కూలీ చేతనో అందులో రాయించేవాడు: కోమటి బాకీ కట్టు, ఎద్దును అమ్మవద్దు, పండగకు వస్తాను. ఆ జాగాలో ఉపమానానికి చోటు లేదు. పోస్టుమాన్ వచ్చి చదివి వినిపించి, పైకం లెక్కపెట్టి, తల్లి చేత రసీదు మీద వేలిముద్ర వేయించుకునేవాడు. ఆ రసీదు తిరిగి పంపినవాడికి చేరేది. ఈ చివరి సంగతిని మన విమర్శకులు ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. బొంబాయిలోనో, రంగూనులోనో మట్టి మోసేవాడి చేతికి పదిహేను రోజులకు ఒక కాగితం ముక్క వస్తుంది. దానిమీద అమ్మ బొటనవేలు. అమ్మ బతికేవుంది, పైకం అందింది, ఇంకొకడి చేతిలో పడలేదు. ప్రత్యుత్తరం అంటే ఇంకేమిటి? తపాలాశాఖ దాన్ని లెక్క సరిచూసుకోవడానికి పెట్టింది. బీదవాళ్లు దాన్ని ఉత్తరం చేసుకున్నారు. టెలిగ్రాము 2013లో ఆగిపోయినప్పుడు పత్రికలు కన్నీరు కార్చాయి. 2015లో ఆ పాత కాగితపు మనియార్డరు నిలిచిపోతే అంత శోకం నా కంట పడలేదు.

ఇక రాయించుకున్న కార్డుల మీద ఒక అభియోగం వుంది. అన్నీ ఒకటే ధోరణి, ‘ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపవలెను, పెద్దలకు నమస్కారాలు, పిన్నలకు దీవెనలు’. వ్యక్తిత్వమెక్కడ, అనుభూతి ఎక్కడ అంటారు. పాత పద్ధతి ఉత్తరాల్లోని ‘ఉభయకుశలోపరి’ మీద నవ్వడం మనకు అలవాటు. అమెరికా పోయిన పోలండు రైతులకూ, వాళ్ల ఇళ్లకూ మధ్య నడిచిన ఉత్తరాలను థామస్, జ్నానియెకీ అనే ఇద్దరు పండితులు 1918–20 మధ్య అయిదు సంపుటాల గ్రంథంలో పరిశీలించారు. ఆ ఉత్తరాలన్నీ దండాలతో మొదలవుతాయి. ఎవరెవరికి దండమో వరసగా పేర్లు వుంటాయి. ఆ దండాలే ఉత్తరానికి అసలు పని అని వాళ్లు గుర్తించారు. దూరమైనా కుటుంబం విడిపోలేదని ప్రకటించడం ఆ పని. మన కార్డుకూ ఇదే వర్తిస్తుంది. పదిమంది ముందు చెప్పి రాయించి, పదిమంది ముందు చదివించుకునే ఉత్తరంలో రహస్య వేదన వుండదు. ఎవరి పేరు వదిలేశాడో చూస్తే చాలు, ఇంటి తగాదా తెలుస్తుంది.

తిలక్ ఈ సంగతి గ్రహించినవాడు. ‘అమృతం కురిసిన రాత్రి’ (1968)లోని ‘సైనికుడి ఉత్తరం’లో బలమంతా క్షేమం అనే మామూలు మాటకూ, ఆ మాట రాస్తున్న చోటికీ మధ్య వున్న అగాధంలోంచి వస్తుంది. అదే సంపుటిలోని ‘తపాలా బంట్రోతు’ మాత్రం నన్ను అంతగా ఒప్పించదు. ఉత్తరాలు మోసేవాడి ఒంటరితనం మీద కవికి జాలి కలిగింది, సరే. కాని పల్లెలో బంట్రోతు మోసేవాడు మాత్రమే కాదు. చదివేవాడు, రాసేవాడు, చెడ్డ కబురును ఎట్లా చెప్పాలో తెలిసినవాడు. తిలక్ వీధిలో ఇళ్లన్నిటికీ చదువు వచ్చు. అక్కడే కవిత కొంచెం పలచబడింది.

మలయాళంలో 1970ల నాటికే గల్ఫు భర్తకు భార్య రాసే ఉత్తరం పాటగా మారింది. ఎస్.ఎ. జమీల్ కట్టిన దుబాయి ‘కత్తు పాట్టు’ను జనం ఎగబడి విన్నారు, దానికి భర్త జవాబు కూడా పాటగా వచ్చింది. మనకు గల్ఫు తక్కువా? కడపనుంచి, గోదావరినుంచి, కరీంనగర్‌నుంచి పోయినవాళ్లు కొల్లలు. అయినా విడిపోయిన ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే రూపం తెలుగులో అంత ప్రచారం పొందలేదు. రాయలసీమ వలస కథలు నేను చదివినంతలో ఒకేచోట ఆగిపోతాయి. లారీ కదులుతుంది, తలుపుకు తాళం పడుతుంది, ముసలిది అరుగుమీద మిగులుతుంది, కథ అయిపోతుంది. ఎందుకంటే కథకుడు ఉపాధ్యాయుడో ఉద్యోగో అయివుండి ఊళ్లో నిలబడి చూస్తున్నాడు. లారీ పోయాక అతనికి కనబడేది దుమ్మే. వాళ్లు వెళ్లాక నాలుగు నెలలు ఇంటికీ పొలానికీ మధ్య ఏం నడిచిందో అతనికి తెలియదు. అసలు కథ అక్కడ వుంది.

ఆ నాలుగు నెలల పేరు ఇక్కడ సుగ్గి. కన్నడంలో కోతల కాలమని అర్థం. ఈ సరిహద్దు సీమలో అది వలసకు పేరైంది. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల్లో పంట చేతికి రాని యేడు పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి గుంటూరు వైపు సంసారాలకు సంసారాలే పోతాయి. ఉగాది నాటికి తిరిగిరావాలని చూస్తారు. పిల్లల్లో కొందరు అవ్వల దగ్గర, కొందరు బడుల్లో నడిపే సీజనల్ హాస్టళ్లలో వుంటారు. మిగిలినవాళ్లు బడి మాని వెంట పోతారు. గుంటూరు విదేశమా అని అడగవచ్చు. ఓటు, రేషను, బడి, ఇల్లు ఒకచోట వుండి, ఒళ్లు ఇంకొకచోట వున్నవాడికి సరిహద్దు ఎక్కడైనా ఒకటే.

ఫోను వచ్చింది గనుక ఈ బాధ తీరిందనేవాళ్లున్నారు. ఫోను దూరాన్ని తగ్గించిన మాట నిజం, పొద్దును పెంచలేదు. తెల్లవారింది మొదలు కోతలో వున్న చేతులు, మిరప ఘాటుకు మండే వేళ్లు, చీకటి పడ్డాక వండుకోవాలి. ఛార్జింగు ఎక్కడ దొరికితే అక్కడ పెట్టుకోవాలి. అప్పటికి హాస్టల్లో పిల్ల నిద్రపోతుంది. దూరం ఎంతో రైలు చెప్పదు, కూలివాడి పనిగంటలు చెబుతాయి.

అయినా ఒక కొత్త విషయం జరిగింది, దాన్ని కాదనను. గొంతును పట్టి పంపే వసతి ఫోనులో వచ్చాక, అక్షరం రాని తల్లి, గుమాస్తా లేకుండా, బంట్రోతు లేకుండా, తన మాటను తన యాసలో ఇంటికి పంపుతున్నది. ‘తింటివా? వాన పడెనా? అవ్వకు మాత్ర ఇస్తివా?’ ఇది మళ్లీ ఉభయకుశలోపరే. ఆ వేలిముద్రకు ఇప్పుడు నోరు వచ్చింది. కాని ఫోను నిండగానే పాతవి చెరిపేస్తారు. ఫోను మారితే అన్నీ పోతాయి. మన్రోకు దొరికినట్టు వీటికి గ్లెగ్ దొరకలేదు. సుగ్గినుంచి వచ్చే ఆ మాటలు విన్న పిల్లలు పెరిగి మా తరగతుల్లోకి వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లకు మేము సిలబస్ ప్రకారం లేఖాసాహిత్యం పాఠం చెబుతున్నాం: పండితులు పండితులకు రాసుకున్నవి, కవులు ప్రేయసులకు రాసినట్టు ఊహించుకున్నవి.